హెచ్.ఐ.వి. వేరు – ఎయిడ్స్ వేరు

ఉద్దేశం

హెచ్.ఐ.వి. శరీరంలో ప్రవేశించడానికీ, ఎయిడ్స్ దశ ఏర్పడటానికీ గల సంబంధాన్నీ, భేదాన్నీ విద్యార్థులకు తెలియజేయడం. ఆ రెంటి నడుమ ఉన్న కాలాన్ని వైద్యంతో కాపాడుకోవచ్చునన్న అవగాహన కలిగించడం. బాధితుల పట్ల వివక్షను విడనాడే దృష్టిని పెంపొందించడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

రెండు మాటలను ఒకే అర్థంలో వాడటం సాధారణంగా పెద్ద నష్టం కలిగించదు. కాని 'హెచ్.ఐ.వి.', 'ఎయిడ్స్' అనే మాటల విషయంలో ఆ పొరపాటు ఎందరి ప్రాణాలనో బలిగొన్నది. రక్తపరీక్షలో హెచ్.ఐ.వి. ఉన్నదని తేలగానే "ఎయిడ్స్ వచ్చింది" అనడం, ఎయిడ్స్ అంటే మరణమే అని నమ్మడం, ఇక వైద్యంతో పని లేదని నిరాశకు లోనుకావడం తెలుగునాట ఎన్నో కుటుంబాలలో జరిగింది. నిజానికి హెచ్.ఐ.వి. ఒక వైరస్. ఎయిడ్స్ ఆ వైరస్ వలన చాలా కాలానికి దాపురించగల ఒక దశ. చికిత్స లేకపోయినా ఈ రెంటికీ నడుమ సాధారణంగా సంవత్సరాల వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిని ఎలా వినియోగించుకొన్నారన్న దానిమీదే బాధితుల తక్కిన జీవితం ఆధారపడి ఉంటుంది.

ఉత్తర తెలంగాణ పల్లెలలో ఈ భేదం తెలియవలసిన అవసరం మరింత ఎక్కువ. కరీంనగర్ జిల్లాలోని చొప్పదండి వంటి ప్రాంతాల నుండి బతుకుదెరువు కోసం దుబాయి, మస్కట్, సౌదీ అరేబియాలకు వెళ్ళడం దశాబ్దాలుగా సాగుతున్నది. అంతకుముందే బొంబాయి, భివండి, సూరత్‌లకు నేతపనికి వలసపోయినవారు ఉన్నారు. గల్ఫ్ దేశాలలో ఉద్యోగానికి వెళ్ళేవారికి వైద్యపరీక్ష తప్పనిసరి. అందులో హెచ్.ఐ.వి. పరీక్ష కూడా ఉంటుంది. వైరస్ ఉన్నదని తేలితే 'అన్‌ఫిట్' అంటారు, వీసా రాదు. నిన్నటిదాకా పొలంలో కష్టించి పనిచేసిన యువకునికి ఒంట్లో ఏ నలతా లేదు. జ్వరం లేదు, దగ్గు లేదు, బరువు తగ్గలేదు. "ఇంత ఆరోగ్యంగా ఉన్నవాడికి రోగమెక్కడిది?" అన్న ప్రశ్న అతనికీ, ఇంటివారికీ కలుగుతుంది. కొందరు పరీక్షే తప్పు అనుకొంటారు. మరికొందరు ఇక అంతా ముగిసిపోయింది అనుకొంటారు. ఈ రెండు భావాలూ సరికావు. అతని ప్రశ్నకు సమాధానం ఆ రెండు పేర్లలోనే ఉన్నది.

రెండు పేర్లు – రెండు అర్థాలు

'హ్యూమన్ ఇమ్యూనో డెఫిషియన్సీ వైరస్' అన్న పేరుకు సంక్షిప్త రూపం హెచ్.ఐ.వి. మానవునిలో వ్యాధి నిరోధక శక్తిని తగ్గించే వైరస్ అని దీని అర్థం. 'అక్వైర్డ్ ఇమ్యూనో డెఫిషియన్సీ సిండ్రోమ్' అన్న పేరుకు సంక్షిప్త రూపం ఎయిడ్స్. పుట్టుకతో వచ్చిన లోపంగా గాక, మరొక కారణం వలన సంక్రమించిన నిరోధకశక్తి లోపం చేత కలిగే రోగలక్షణాల సముదాయం అని దీని భావం. మొదటిది కారణం, రెండవది పర్యవసానం. హెచ్.ఐ.వి. లేనిదే ఎయిడ్స్ రాదు. కాని హెచ్.ఐ.వి. ఉన్న ప్రతివారికీ ఎయిడ్స్ వచ్చి తీరాలన్న నియమం నేడు లేదు.

చరిత్రలో ఎయిడ్స్ ముందు కనబడింది, హెచ్.ఐ.వి. తరువాత తెలిసింది. 1981 జూన్ 5వ తేదీన అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరంలో ఐదుగురు యువకులకు అరుదైన న్యుమోనియా సోకినట్లు ఒక వైద్య నివేదిక వెలువడింది. ఆరోగ్యవంతులకు అంతగా రాని ఆ వ్యాధి వారికి ఎందుకు వచ్చిందో అప్పుడు ఎవరికీ తెలియదు. 1982లో ఈ స్థితికి ఎయిడ్స్ అని పేరు పెట్టారు. 1983లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థకు చెందిన ఫ్రాన్స్‌వాజ్ బారే సినూసి, లుక్ మోంటాన్యేల బృందం దీనికి మూలమైన వైరస్‌ను వేరుచేసింది. ఆ ఇద్దరికీ 2008లో నోబెల్ బహుమతి లభించింది. వైరస్‌కు హెచ్.ఐ.వి. అన్న పేరు 1986లో స్థిరపడింది.

అదే 1986లో మన దేశంలోనూ ఈ వైరస్ ఉన్నదని నిర్ధారణ అయింది. మద్రాసు వైద్య కళాశాలకు చెందిన డాక్టర్ సునీతి సాలమన్ మార్గదర్శకత్వంలో సెల్లప్పన్ నిర్మల అనే విద్యార్థిని రక్తనమూనాలను సేకరించారు. వేలూరులో వాటిని పరీక్షించగా కొన్నింటిలో హెచ్.ఐ.వి. జాడ కనబడింది. ఈ వ్యాధి విదేశాలకే పరిమితమన్న భ్రమ ఆనాటితో తొలగిపోయింది.

కోటలోకి చొరబడిన శత్రువు

మానేరు తీరాన ఉన్న ఎలగందుల కోటను చూచినవారికి దాని రక్షణ ఏర్పాట్లు గుర్తుండే ఉంటాయి. మానవ శరీరమూ అటువంటి కోటే. చర్మం దాని ప్రాకారం. రక్తంలోని తెల్ల రక్తకణాలు దాని సైనికులు. వాటిలో 'సి.డి.4' అనే కణాలు దళపతుల వంటివి. శత్రువు వచ్చిన వార్తను గ్రహించి, ఏ సైన్యం ఎటు కదలాలో ఆదేశాలిచ్చేవి అవే. ఆరోగ్యవంతుని రక్తంలో ఒక ఘనపు మిల్లీమీటరుకు ఇవి 500 నుండి 1500 దాకా ఉంటాయి.

ఇతర రోగక్రిములు సైన్యం కళ్ళబడి దానితో పోరాడుతాయి. హెచ్.ఐ.వి. నేరుగా దళపతుల మీదికే పోతుంది. ఒక మిల్లీమీటరును పదివేల భాగాలు చేస్తే అందులో ఒక భాగమంత ఉండే ఈ వైరస్ సి.డి.4 కణానికి అతుక్కొని లోపలికి ప్రవేశిస్తుంది. దానిలోని జన్యుపదార్థం ఆర్.ఎన్.ఏ. తనతో తెచ్చుకొన్న ఒక ఎంజైము సాయంతో అది ఆర్.ఎన్.ఏ.ను డి.ఎన్.ఏ.గా మార్చి, మనిషి కణంలోని డి.ఎన్.ఏ.తో కలిపివేస్తుంది. ఆనాటి నుండి ఆ కణం శత్రువుకు కర్మాగారమవుతుంది. కొత్త వైరస్‌లను తయారుచేస్తూ తాను నశిస్తుంది. మనిషి కణంలోనే కలిసిపోవడం చేత ఈ వైరస్‌ను శరీరం నుండి పూర్తిగా తొలగించడం కష్టసాధ్యమైంది.

మూడు దశల ప్రయాణం

చికిత్స లేనప్పుడు హెచ్.ఐ.వి. నుండి ఎయిడ్స్ దాకా సాగే ప్రయాణాన్ని వైద్యులు మూడు దశలుగా వివరిస్తారు.

మొదటిది తీవ్ర సంక్రమణ దశ. వైరస్ ప్రవేశించిన రెండు నుండి నాలుగు వారాలలో చాలామందికి జ్వరం, గొంతునొప్పి, ఒళ్ళునొప్పులు, చర్మంపై దద్దుర్లు, గ్రంథుల వాపు కనిపిస్తాయి. కొందరికి ఏ లక్షణమూ ఉండదు. మామూలు జ్వరమనుకొని మరచిపోవడం సహజం. కాని ఆ సమయంలో రక్తంలో వైరస్ అత్యధికంగా ఉంటుంది; ఇతరులకు సోకే అవకాశమూ ఎక్కువే. విచిత్రమేమంటే ఈ దశలో పరీక్ష చేయించుకొన్నా వైరస్ లేదనే ఫలితం రావచ్చు. సాధారణ రక్తపరీక్ష వైరస్‌ను గాక, దానికి వ్యతిరేకంగా శరీరం తయారుచేసే ప్రతిరక్షకాలను గుర్తిస్తుంది. అవి తగినంతగా తయారు కావడానికి కొన్ని వారాలు, ఒక్కొక్కప్పుడు మూడు నెలల దాకా పడుతుంది. ఈ కాలాన్ని 'విండో పీరియడ్' అంటారు. అనుమానం ఉన్నవారు మూడు నెలల తరువాత మళ్ళీ పరీక్ష చేయించుకోవాలని చెప్పడంలోని ఆంతర్యం ఇదే.

రెండవది నిగూఢ దశ. శరీరం కొంతవరకు వైరస్‌ను అదుపు చేస్తుంది. బయటికి ఏ లక్షణాలూ కనిపించవు. మనిషి పొలం పనులు చేస్తాడు, పెళ్ళి చేసుకొంటాడు, పిల్లలను కంటాడు. చికిత్స లేకపోయినా ఈ దశ సగటున ఎనిమిది నుండి పదేళ్ళ దాకా సాగుతుంది. గల్ఫ్ వైద్యపరీక్షలో అన్‌ఫిట్ అయిన యువకుడు సాధారణంగా ఉండేది ఈ దశలోనే. అతనికి ఉన్నది హెచ్.ఐ.వి.; ఎయిడ్స్ కాదు. అయితే పైకి కనిపించే ఈ ప్రశాంతత నిజమైన ప్రశాంతత కాదు. ఈ కాలంలో వైరస్ నిద్రపోతున్నదని శాస్త్రజ్ఞులు ఒకప్పుడు భావించేవారు. 1995లో డేవిడ్ హో మొదలైన శాస్త్రజ్ఞుల పరిశోధనలు ఆ భావన తప్పని నిరూపించాయి. ప్రతిదినమూ కోట్లకొలది వైరస్‌లు పుడుతుంటాయి, సి.డి.4 కణాలు నశిస్తుంటాయి. శరీరం కొత్త కణాలను తయారుచేస్తుంటుంది. ఏళ్ళ తరబడి సాగే ఈ పోరులో క్రమంగా శరీరం అలసిపోతుంది.

మూడవది ఎయిడ్స్ దశ. సి.డి.4 కణాల సంఖ్య ఘనపు మిల్లీమీటరుకు 200 కన్న తగ్గినా, నిరోధకశక్తి క్షీణించినవారికే వచ్చే కొన్ని ప్రత్యేక వ్యాధులు సోకినా ఎయిడ్స్ దశగా గుర్తిస్తారు. ఆ వ్యాధులను 'అవకాశవాద వ్యాధులు' అంటారు. మన దేశంలో వీటిలో ముఖ్యమైనది క్షయ. నోటిలో, అన్నవాహికలో వచ్చే బూజు వ్యాధి, ఒక రకం న్యుమోనియా, మెదడు పొరల వాపు, కొన్ని రకాల క్యాన్సర్లు కూడా ఇందులో చేరుతాయి. నెల దాటినా తగ్గని విరేచనాలు, జ్వరం, శరీరం బరువు బాగా తగ్గిపోవడం ఈ దశలో తరచుగా కనిపిస్తాయి. ఎయిడ్స్‌తో మరణించారని లోకం చెప్పుకొనే సందర్భాలలో ఎక్కువగా ప్రాణం తీసినవి ఈ వ్యాధులే. కోట తలుపులు తెరిచినది హెచ్.ఐ.వి.; లోపలికి వచ్చి దోచుకొన్నవి ఇతర వ్యాధులు.

ఈ ప్రయాణం అందరిలో ఒకే వేగంతో సాగదు. కొందరిలో రెండు మూడేళ్ళలోనే ఎయిడ్స్ దశ వస్తుంది. మరి కొందరిలో పదిహేనేళ్ళయినా రాదు. చికిత్స లేకుండానే వైరస్‌ను పూర్తిగా అదుపులో ఉంచుకోగలిగేవారు నూటికి ఒక్కరు కూడా ఉండరు. వయస్సు, పోషకాహారం, క్షయ వంటి ఇతర వ్యాధులు, జన్యులక్షణాలు, వైరస్ రకం ఈ వేగాన్ని ప్రభావితం చేస్తాయి. తల్లి నుండి వైరస్ సోకిన శిశువులలో చికిత్స అందకపోతే వ్యాధి చాలా త్వరగా ముదురుతుంది.

ఎలా సోకుతుంది – ఎలా సోకదు

హెచ్.ఐ.వి. ముఖ్యంగా నాలుగు మార్గాలలో సోకుతుంది. వైరస్ ఉన్నవారితో రక్షణ లేని లైంగిక సంబంధం, వైరస్ ఉన్న రక్తాన్ని ఎక్కించుకోవడం, ఒకరు వాడిన సూదులను మరొకరు వాడటం, గర్భధారణ, ప్రసవం, చనుబాల ద్వారా తల్లి నుండి బిడ్డకు చేరడం ఆ మార్గాలు. కరచాలనం వలన, కలిసి భోజనం చేయడం వలన, ఒకే బావి నీళ్ళు తాగడం వలన, దోమకాటు వలన, దగ్గు తుమ్ముల వలన ఇది సోకదు. ఒకే బెంచీ మీద కూర్చొని చదువుకోవడం వలన అసలే సోకదు.

వలస వెళ్ళడం తప్పు కాదు. వలస వ్యాధికి కారణమూ కాదు. అయితే ఏళ్ళ తరబడి కుటుంబానికి దూరంగా ఉండటం, సరైన సమాచారం అందకపోవడం ప్రమాదాన్ని పెంచాయి. భర్త ద్వారా సోకిన వైరస్ గురించి భార్యకు గర్భిణిగా పరీక్ష చేయించుకొన్నప్పుడే తెలిసిన సందర్భాలు అనేకం. ఏ తప్పూ చేయని ఆ స్త్రీలే అత్తవారింట నిందలు మోయవలసి రావడం విషాదకరం.

గమనాన్ని ఆపిన ఔషధం

హెచ్.ఐ.వి. నుండి ఎయిడ్స్‌కు సాగే గమనాన్ని ఆపగల చికిత్స 1996 నుండి అందుబాటులోకి వచ్చింది. మూడు మందులను కలిపి వాడే ఈ పద్ధతిని యాంటీ రెట్రోవైరల్ చికిత్స, సంక్షిప్తంగా ఏ.ఆర్.టి. అంటారు. ఇది వైరస్‌ను పూర్తిగా నిర్మూలించదు; దాని సంతతి పెరగకుండా అడ్డుకొంటుంది. శత్రువు సంఖ్య తగ్గగానే దళపతులు మళ్ళీ పుంజుకొంటారు. ఎయిడ్స్ దశకు చేరినవారిలో సైతం సి.డి.4 కణాలు తిరిగి పెరిగి, ఆరోగ్యం కుదుటపడటం సాధ్యమే. కాని ముందుగా మొదలుపెట్టినవారికి కలిగే మేలు ఎక్కువ. మందులను ఒక్కరోజు కూడా మానకుండా జీవితాంతం వాడాలి. మధ్యలో మానితే వైరస్ తిరిగి విజృంభిస్తుంది. మందులకు లొంగని రకాలు పుట్టే ప్రమాదమూ ఉన్నది.

తొలినాళ్ళలో ఈ మందులకు ఏడాదికి పదివేల డాలర్లకు పైగా ఖర్చయ్యేది. 2001లో భారతీయ సంస్థ సిప్లా ఏడాదికి 350 డాలర్లకే మూడు మందులను స్వచ్ఛంద వైద్యసంస్థకు ఇవ్వజూపింది. తరువాత ఈ కృషిలో తెలుగు నేల కూడా పాలుపంచుకొన్నది. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే హెటిరో, అరబిందో వంటి సంస్థలు తయారుచేసే మందులు ఆఫ్రికా దేశాలలోని రోగులకు సైతం చేరుతున్నాయి.

ఈ చికిత్స మరొక మేలు కూడా చేస్తుందని 2011లో వెలువడిన ఒక అంతర్జాతీయ పరిశోధన తెలిపింది. దంపతులలో ఒకరికి వైరస్ ఉన్నప్పుడు, వారు ముందుగానే చికిత్స మొదలుపెడితే రెండవవారికి సోకే ప్రమాదం 96 శాతం తగ్గింది. చెన్నై, పుణే నగరాలు కూడా ఆ పరిశోధనలో పాలుపంచుకొన్నాయి. క్రమం తప్పకుండా మందులు వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు దొరకనంతగా తగ్గినవారి నుండి లైంగికంగా ఇతరులకు సోకదని తరువాతి పరిశోధనలు స్థిరపరచాయి. చికిత్స లేనప్పుడు తల్లి నుండి బిడ్డకు సోకే అవకాశం 15 నుండి 45 శాతం దాకా ఉంటుంది. సకాలంలో చికిత్స అందితే అది 5 శాతం కన్న తక్కువకు దిగుతుంది.

తెలుగు నేల మీద

2005–06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుండి 49 ఏళ్ళ వయస్కులలో 0.28 శాతం మందికి హెచ్.ఐ.వి. ఉండగా, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 0.97 శాతం మందికి ఉన్నట్లు తేలింది. అంటే ఇంచుమించు నూటికి ఒకరు. 2004 ఏప్రిల్ 1న కేంద్ర ప్రభుత్వం ఉచిత చికిత్సను ప్రారంభించినప్పుడు, వ్యాధి అధికంగా ఉన్న ఆరు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్‌ను చేర్చడానికి కారణం ఇటువంటి పరిస్థితే. కళాశాలల్లో రెడ్ రిబ్బన్ క్లబ్బులు ఏర్పడి విద్యార్థులే అవగాహన కలిగించే బాధ్యతను స్వీకరించారు.

ఆ రోజులలో సి.డి.4 కణాలు నిర్ణీత సంఖ్యకు తగ్గేదాకా చికిత్స కోసం వేచి ఉండవలసి వచ్చేది. 2017 నుండి ఆ నిరీక్షణ తొలగింది. పరీక్షలో వైరస్ ఉన్నదని నిర్ధారణ కాగానే, కణాల సంఖ్యతో నిమిత్తం లేకుండా ప్రభుత్వం ఉచితంగా మందులు ఇస్తున్నది. చొప్పదండి పరిసర గ్రామాలవారికి కరీంనగర్ ప్రభుత్వ ఆసుపత్రిలోని ఏ.ఆర్.టి. కేంద్రం అందుబాటులో ఉన్నది. పరీక్ష ఉచితం, వివరాలు రహస్యం. 1097 నంబరుకు ఫోను చేసి ఎవరైనా ఉచితంగా సలహా పొందవచ్చు.

మందుకు లొంగని వ్యాధి

వైరస్‌ను అదుపు చేసే మందులు దొరికాయి. కాని సమాజంలోని వివక్షకు అటువంటి మందు దొరకలేదు. నలుగురికీ తెలుస్తుందన్న భయంతో పరీక్షకు వెళ్ళనివారు, ఊళ్ళోవారు చూస్తారేమోనని మందుల కోసం దూర నగరాలకు వెళ్ళేవారు, ఖర్చు భరించలేక మధ్యలో మానేసేవారు నేటికీ ఉన్నారు. హెచ్.ఐ.వి. దశలోనే నిలువరించగలిగిన వ్యాధిని ఎయిడ్స్ దాకా నడిపించేవాటిలో ఈ భయం కూడా ఒకటి. ఇరుగుపొరుగు వారి ఒక్క సూటిపోటి మాట ఒక మనిషిని ఆసుపత్రి గడప తొక్కనీయకుండా చేయగలదు.

ఈ స్థితిని మార్చడానికి పార్లమెంటు 2017లో హెచ్.ఐ.వి., ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టాన్ని ఆమోదించింది. అది 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోకి వచ్చింది. దీని ప్రకారం హెచ్.ఐ.వి. ఉన్నదన్న కారణంగా ఎవరికీ ఉద్యోగాన్ని, విద్యను, వైద్యాన్ని, అద్దె ఇంటిని అన్యాయంగా నిరాకరించరాదు. సమ్మతి లేనిదే పరీక్ష చేయరాదు, ఫలితాన్ని బయటపెట్టరాదు. అయితే చట్టం వివక్షను శిక్షించగలదే గాని ఆదరణను పుట్టించలేదు. ఆదరణ పుట్టవలసినది మనుషుల మనస్సులలో.

హెచ్.ఐ.వి. సోకడమన్నది ఒక సంఘటన. ఎయిడ్స్ రావడమన్నది చికిత్స అందకపోవడం వలన కలిగే పరిణామం. జరిగిపోయిన సంఘటనను మార్చలేకపోవచ్చు. పరిణామాన్ని మాత్రం ఆపవచ్చు. పరీక్షకు వెనుకాడకపోవడం, మందులు మానకపోవడం బాధితుని వంతు. అతడు తలెత్తుకొని ఆసుపత్రికి వెళ్ళగలిగే వాతావరణాన్ని కల్పించడం తక్కినవారి వంతు. ఈ రెండూ కలిసినచోట హెచ్.ఐ.వి. ఎయిడ్స్‌గా మారదు.

కఠిన పదాలు – అర్థాలు

పర్యవసానం = తుది ఫలితం
వ్యవధి = నడుమనున్న కాలం
దాపురించు = వచ్చిపడు
ప్రాకారం = కోటగోడ
దళపతి = సేనానాయకుడు
నిగూఢం = దాగి ఉన్నది
ఆంతర్యం = లోపలి ఉద్దేశం
ప్రతిరక్షకాలు = రోగక్రిములను ఎదుర్కొనడానికి శరీరం తయారుచేసే పదార్థాలు
నిలువరించు = ఆపు
వివక్ష = భేదభావంతో చూడటం

ప్రశ్నలు

అ) ఈ కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. హెచ్.ఐ.వి. సంక్రమణ ఎయిడ్స్‌గా పరిణమించే క్రమాన్ని దశలవారీగా వివరించండి.
2. "హెచ్.ఐ.వి.ని ఎయిడ్స్ దాకా నడిపించేవాటిలో భయం కూడా ఒకటి." ఈ అభిప్రాయాన్ని పాఠ్యభాగం ఆధారంగా చర్చించండి.

ఆ) ఈ కింది ప్రశ్నలకు సంక్షిప్త సమాధానాలు రాయండి.
1. శరీర రక్షణ వ్యవస్థను కోటతో ఎలా పోల్చారు?
2. విండో పీరియడ్ అంటే ఏమిటి? దానిని తెలుసుకోవలసిన అవసరమేమి?
3. ఏ.ఆర్.టి. చికిత్స వలన కలిగే ప్రయోజనాలను తెలపండి.
4. 2017 నాటి చట్టం హెచ్.ఐ.వి. ఉన్నవారికి కల్పించే రక్షణలేవి?

ఇ) ఈ కింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. ఎయిడ్స్‌కు మూలమైన వైరస్‌ను ఏ సంవత్సరంలో వేరుచేశారు?
2. సి.డి.4 కణాల సంఖ్య ఎంతకన్న తగ్గితే ఎయిడ్స్ దశగా గుర్తిస్తారు?
3. మన దేశంలో కనిపించే ముఖ్యమైన అవకాశవాద వ్యాధి ఏది?
4. మన దేశంలో ఉచిత ఏ.ఆర్.టి. చికిత్స ఎప్పుడు ప్రారంభమైంది?